బొడ్డుకి పైన గుర్తు

ఆసుపత్రి, మూడో అంతస్తు,
కిటికీ పక్క మంచం.
ఫిబ్రవరి 9

అక్కా,

నీ చెవులకి ఫోను పడదు కాబట్టి రాస్తున్నాను. ఫోనైతే నవ్వేసి తప్పించుకుంటానని కూడా నీకు తెలుసు. రేపు పొద్దున ఏడింటికి నన్ను లోపలికి తీసుకెళ్తారు. పేగు కింది మలుపులో ఉన్న గడ్డ తీసేసి, ఆ కొసా ఈ కొసా కలిపి కుడతారట. "కుట్టు పనే కదండీ, మనిద్దరిదీ ఒకటే వృత్తి" అన్నాను సర్జన్‌తో. ఆయన నవ్వలేదు. "మీ బరువు నూట ఇరవై ఆరు కిలోలు. ఇంత ఒళ్ళున్నవాళ్ళకి లోపలి కుట్టు ఊడే భయం ఎక్కువ, పైన గాయం మానడం ఆలస్యం. కొవ్వుకి రక్తం సరిగ్గా అందదు" అన్నాడు. లోపలి కుట్టు మానేదాకా దాని మీద భారం పడకుండా, పేగుని పొట్ట మీదికి తెచ్చి వేరే దారి పెడతారు. ఆ దారికి ఒక సంచి. వైద్యం పూర్తయ్యాక మళ్ళీ మూసేస్తారట.

అసలు సంగతి ఇంకా ఉంది. గడ్డ తీసేస్తే అయిపోదు. ఎనిమిది వారాల్లోపు కీమో మొదలుపెట్టాలి. గాయం మానకపోతే అది మొదలుపెట్టరు. ఆలస్యమైతే రోగం తిరగబడొచ్చు. అంటే నేను తొందరగా మానాలి. ఇంత ఒళ్ళేసుకుని నేను ఏ పని తొందరగా చేశాను గనక!

మధ్యాహ్నం సంచుల నర్సు వచ్చింది. ఆమె పని అదే, ఈ ఆసుపత్రి మొత్తానికి ఒక్కతే ఉంది. బక్కగా, నలభై దాటిన మనిషి, జేబులో పెన్నూ టేపూ. "టైలర్ మాస్టారూ, ఇవాళ మీ కొలత నేను తీస్తాను" అంది. కూర్చోమంది, నిలబడమంది, వంగమంది, దగ్గమంది. పొట్ట ఎటు మడత పడుతుందో చూసి, అప్పుడు పెన్నుతో గుండ్రంగా గుర్తు పెట్టింది. పరాయి మనిషి ముందు చొక్కా విప్పి నిలబడి నాకు ఎన్నేళ్ళయిందో. నీ మరదలు పాపం గోడవైపు తిరిగి నిలబడింది.

షాపుకి తాళం వేశాను. సగం కుట్టిన కోటు ఒకటి బల్ల మీదే ఉండిపోయింది.

నీ పీపా


కోర్టు వెనక వీధి,
మెట్ల కింద గది.
ఫిబ్రవరి 14

ఒరేయ్ పీపా,

మరదలు రెండు ముక్కలు రాసింది: బతికున్నాడు, ఇంకా లేవలేదు. దాంతోనే సరిపెట్టుకోవాలా నేను?

అంతకుముందు ఉత్తరంలో మరదలే రాసింది, ఏడాదిగా రక్తం పడుతోందట నీకు! నాతో చెప్పడానికి నోరు రాలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళావులే, అది ఒప్పుకుంటాను. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ "ముందు బరువు తగ్గండి" అని పంపేశారు. మోకాలు నొప్పన్నా అదే మాట, నిద్ర పట్టట్లేదన్నా అదే మాట. నేనూ అదే అన్నాను కదా, నోరు పడిపోను. ఉన్నట్టుండి నువ్వు నాలుగు కిలోలు తగ్గితే సంబరపడ్డాను కూడా. నీ లావు చూసి అందరికీ కళ్ళు మూసుకుపోయాయి. లోపల ఏముందో ఎవరూ చూడలేదు.

ఇప్పుడు బుద్ధిగా వాళ్ళు నడవమంటే నడువు. దగ్గమంటే దగ్గు. ఎనిమిది వారాలంటే ఏప్రిల్ ఏడు. గోడ మీద రాసిపెట్టుకున్నాను.

అక్క


ఆసుపత్రి, అదే మంచం.
మార్చి 6

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదని తిట్టకు. పెన్ను పట్టుకునే ఓపిక లేకపోయింది.

లోపలి కుట్టు నిలిచింది. అదొక్కటే మంచి మాట. పైన గాయం తొమ్మిదో రోజున విచ్చుకుంది. చీము పట్టింది. రోజూ పొద్దున్నే గుడ్డ కుక్కుతారు, సాయంత్రం తీస్తారు. నా చెయ్యి మణికట్టుదాకా పట్టేంత లోతుంది. అంత మందం ఉన్నానా నేను?

అంతకన్నా పెద్ద నరకం ఇంకోటి. ఆ పేగు దారి పొట్ట కింది మడతలోకి పోయింది. లేచి కూర్చుంటే నాకే కనపడదు. సంచి అంటించిన రెండు గంటలకి ఊడిపోతుంది. లోపలిదంతా కారి చర్మం కాలినట్టు ఊడొస్తోంది, కారింది పక్కనున్న గాయంలోకి పోతోంది. ఇక అది మానేదెప్పుడు? నీ మరదలు రోజుకి ఏడుసార్లు దుప్పటి మారుస్తోంది. ఒక్క మాట అనదు. అంటే బాగుండు.

నిన్న సర్జన్ చూసి మొహం మాడ్చుకున్నాడు. "మీలాంటి ఒంటికి ఇది పైన ఉండాలి. పైన కొవ్వు పలచన, కింద మందం. ఇంత మందంలోంచి లాగితే పేగు వెనక్కి పోకుండా ఉంటుందా? మత్తిచ్చి పడుకోబెట్టాక మడత ఎక్కడొస్తుందో నాకు తెలియదు, నేను గుర్తు చూసే పెడతాను. గుర్తు ఎవరు పెట్టారు?" అన్నాడు.

నర్సు పెట్టిందన్నాను.

"కూర్చోబెట్టి చూడలేదా?"

పడుకోబెట్టే పెట్టిందన్నాను.

నీ పీపా


కోర్టు వెనక వీధి.
మార్చి 11

ఒరేయ్,

నీ ఉత్తరం చదివాక అరికాలి మంట నెత్తికెక్కింది. కోర్టు మెట్ల దగ్గర కూర్చుని ముప్పయ్యేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి అర్జీలూ టైపు కొట్టాను. నా తమ్ముడికి ఒకటి కొట్టలేనా? ఇదిగో, నకలు పెట్టాను చదువుకో. అసలు ప్రతి నిన్ననే రిజిస్టరు పోస్టులో ఆసుపత్రి పెద్దకి వెళ్ళిపోయింది.

"సదరు నర్సు రోగిని కూర్చోబెట్టి గాని, నిలబెట్టి గాని పరిశీలించకుండా, కేవలం పడుకోబెట్టి గుర్తు పెట్టినందున" అని మొదలుపెట్టాను. నాలుగు పేజీలు. ఎక్కడా తిట్టు లేదు, ఏడుపు లేదు. ఏడ్చే అర్జీని ఎవరూ చదవరు. చివర్లో, ఇంత ఘోరం జరిగాక కూడా ఆమెను అదే పనిలో ఉంచితే రేపు మరో రోగికి జరిగేదానికి బాధ్యులెవరని అడిగాను. ఆ ఒక్క వాక్యం కోసం రెండు గంటలు కూర్చున్నాను. ఇక చూసుకో, వాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడవు.

ధైర్యంగా ఉండు. నీ వెనక నేనున్నాను.

అక్క


ఆసుపత్రి.
మార్చి 16

అక్కా,

ఆ అర్జీ వెనక్కి తీసుకో. గొడవలు మనకెందుకు? ఒక మనిషి పొట్టకొట్టి మనం బావుకునేదేముంది? ఆ నర్సు రోజూ వస్తోంది. తన డ్యూటీ అయిపోయాక కూడా వచ్చి, మడతలో మైనం లాంటిది నింపి, బెల్టు కట్టి, సంచి నాలుగు గంటలు నిలిచేట్టు చేసింది. ఇంకా అర్జీ సంగతి ఆమెకి తెలిసినట్టు లేదు.

చెప్పిన మాట విను.

తమ్ముడు


కోర్టు వెనక వీధి.
మార్చి 20

తమ్ముడూ,

నువ్వు ఎవరి మీదా జాలిపడే రకం కాదు. చొక్కా రెండు రోజులు ఆలస్యంగా తీసుకెళ్ళిన మనిషి మీద కూడా ఎగిరిపడతావు. అందుకే అనుమానమొచ్చి నీ ఫిబ్రవరి ఉత్తరం తీశాను. కూర్చోమంది, నిలబడమంది, వంగమంది, దగ్గమంది అని నువ్వే రాశావు. నీ చేత్తో. మళ్ళీ మార్చిలో పడుకోబెట్టి పెట్టిందంటున్నావు.

ఒకే సంగతి గురించి రెండు మాటలు రాసినవాణ్ణి నా జన్మలో చాలామందిని చూశాను. అందులో ఒకటి అబద్ధమే అవుతుంది. ఏది?

నీళ్ళు నమలకుండా రాయి.

అక్క


ఆసుపత్రి.
మార్చి 25

అక్కా,

ఆమె కూర్చోబెట్టి, నిలబెట్టి, అన్నీ చూసి, బొడ్డుకి పైన మూడు వేళ్ళ ఎడంలో గుర్తు పెట్టింది. దాన్ని నేను చెరిపేశాను.

ఎందుకంటే ఏం చెప్పను? పొట్టలు దాచడమే నా బతుకు. నా షాపుకొచ్చే ప్రతి లావు మనిషీ ఒకటే అడుగుతాడు, "మాస్టారూ, పొట్ట కనపడకుండా కుట్టండి" అని. ఎక్కడ వదులుగా ఉంచాలో, ఎక్కడ మడత వేయాలో నాకు తెలిసినట్టు ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాకోసం నేను కుట్టుకున్న చొక్కాల్లో నన్ను చూసి ఎవరూ నూట ఇరవై ఆరు అనుకోరు. ఆమె గుర్తు పెట్టిన చోటు చూస్తే సరిగ్గా రెండు బొత్తాల మధ్య. ఎంత తెలివిగా కుట్టినా అక్కడ సంచి ఉబ్బెత్తుగా కనపడిపోతుంది. పొట్ట మీద ఇంకో పొట్ట. దాన్ని వేసుకుని కొలత టేపు మెడలో పెట్టుకుని జనం ముందు నిలబడాలా? కిందికైతే, బెల్టు దగ్గర, చొక్కా అంచులో దాగిపోతుంది అనుకున్నాను.

ఆపరేషను రోజు తెల్లవారుతుండగా మంచం మీద పడుకునే చూసుకున్నాను. పడుకుంటే ఎంత ఒళ్ళైనా బల్లపరుపుగా పరుచుకుంటుంది కదా. కింద మంచి చదునైన చోటు కనపడింది. ఆమె మర్చిపోయిన పెన్ను బల్ల మీదే ఉంది. ట్రేలో స్పిరిట్ దూది ఉంది. పైది రుద్ది రుద్ది చెరిపాను, కిందది పెట్టుకున్నాను. లేచి కూర్చుంటే అది మడతలోకి పోతుందని నాకు తట్టలేదు. నాకు! నా దగ్గరికొచ్చిన ఏ మనిషినీ పడుకోబెట్టి కొలత తీయలేదు నేను. నాది మాత్రం తీసుకున్నాను.

నీ మరదలికి కూడా తెలియదు. సర్జన్ అడిగినప్పుడు ఆ మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. పన్నెండో తారీఖున విచారణట. నేను అక్కడ నిజం చెప్పేస్తాను. నువ్వు ముందుగా ఆసుపత్రి పెద్దకి ఒక ముక్క రాయి.

తమ్ముడు


కోర్టు వెనక వీధి.
మార్చి 29

తమ్ముడూ,

విచారణలో నువ్వు నోరు మెదపడానికి వీల్లేదు.

నేను ఆసుపత్రి పెద్దని కలిసొచ్చాను. ఎనిమిది గంటలు బస్సులో కూర్చుని, నిన్ను చూడకుండానే తిరిగొచ్చాను. చూస్తే కొడతానేమోనని. ఆయన చెప్పింది విను. ఆ దారిని పైకి మారిస్తే తప్ప నీ గాయం మానదు. మానితే తప్ప కీమో లేదు. తప్పు ఆసుపత్రిదని తేలితే, పెద్ద సర్జన్ చేత రెండు వారాల్లో మార్పిస్తారు. తప్పు నీదైతే, అందరిలాగే వరసలో ఉండాలి. అప్పుడేమంటారో నీకు తెలుసు. ముందు పాతిక కిలోలు తగ్గి రండి అంటారు. నువ్వు పాతిక కిలోలు తగ్గేదాకా రోగం ఆగుతుందా?

ఆమెకి ఇంకోచోట పని దొరుకుతుంది. నీకు ఇంకో ఒళ్ళు దొరకదు. ఇది తప్పని నాకు తెలుసు. నాకు నీతులు రాయకు.

పొట్ట కనపడుతుందని సిగ్గుపడ్డావు చూడు. ఆ సిగ్గు నీ మీద ముందు పోసిందాన్ని నేనే. ఆరేళ్ళవాడివి, బడి మెట్లెక్కి ఆయాసపడుతుంటే పీపా అని అందరి ముందూ పిలిచాను. ఇక పిలవను. దానివల్ల ఏం ఒరుగుతుందో నాకు తెలియదు.

అక్క


ఆసుపత్రి.
ఏప్రిల్ 13

అక్కకి,

విచారణ అయిపోయింది.

పొడుగు బల్ల. అటువైపు పెద్దాయన, సర్జన్, రాసుకునే మనిషి. ఇటువైపు నేను చక్రాల కుర్చీలో. ఆమెకి కుర్చీ వేయలేదు. నీ నాలుగు పేజీలూ గట్టిగా చదివారు. నువ్వు రెండు గంటలు కూర్చుని రాసిన వాక్యం దగ్గర ఆమె బల్ల అంచు పట్టుకుంది. బాగా రాశావక్కా.

కేసు కాగితంలో ఆమె "గుర్తు పెట్టడమైనది" అని మాత్రం రాసి సంతకం చేసింది. ఎక్కడ, ఎలా అన్నది రాయలేదు. అదే పట్టుకున్నారు. "కూర్చోబెట్టాను, నిలబెట్టాను, బొడ్డుకి పైన మూడు వేళ్ళు వదిలి పెట్టాను. పద్నాలుగేళ్ళుగా ఇలాగే పెడుతున్నాను. మాస్టారు ఇక్కడే ఉన్నారు, అడగండి" అంది.

అందరూ నావైపు తిరిగారు.

"నాకు గుర్తులేదండీ. ఆ రోజు భయంలో ఉన్నాను" అన్నాను.

ఆమె నా మొహం చూడలేదు. నా పొట్టవైపు చూసింది. సాయంత్రానికల్లా ఆమెని పంపేశారు. ఇప్పుడు సంచి మార్చడానికి ఎవరో ఒకరు వస్తున్నారు. మైనం ఎలా నింపాలో వాళ్ళకి తెలియదు. మళ్ళీ రెండు గంటలకే ఊడిపోతోంది.

నీ గోడ మీద రాసుకున్న తారీఖు దాటిపోయి ఆరు రోజులైంది. చూశావా?

తమ్ముడు


కోర్టు వెనక వీధి.
ఏప్రిల్ 19

తమ్ముడూ,

చూశాను. తుడిచేశాను.

రెండు వారాల్లో అన్నారు, ఆ మాట మీద నిలబడతారు. నువ్వు బలంగా తిను. సన్నబడాలని కడుపు మాడ్చుకోకు, గాయానికి తిండి కావాలని సర్జనే అన్నాడు.

మొన్న ఒకామె వచ్చింది. చేయని తప్పుకి పనిలోంచి తీసేశారట, అర్జీ కొట్టిపెట్టమంది. కాగితం ఎక్కించాను. మొదటి ముక్క దగ్గరే వేళ్ళు ఆగిపోయాయి. మిషను పాడైందని చెప్పి పంపేశాను. ఆమె పోయాక ఊరికే కొట్టి చూశాను, బాగానే పనిచేస్తోంది.

అక్క


ఆసుపత్రి, రెండో అంతస్తు.
జూన్ 2

అక్కా,

రెండు వారాలన్నది ఏడు వారాలైంది. విచారణ అయిన నాలుగో రోజు నుంచి జ్వరం. గాయం లోపల ఇంకోచోట చీము పట్టిందని కోశారు. అది ఆరేదాకా కత్తి పెట్టనని పెద్ద సర్జన్ నన్ను ఇంటికి పంపేశాడు. రేపు పొద్దున దారి పైకి మారుస్తారు. కీమో గురించి అడిగితే, "ఇప్పుడు మొదలుపెట్టినా ఎంత పనిచేస్తుందో నేను మాటివ్వలేను" అన్నాడు. నువ్వు రాస్తావని తెలుసు కాబట్టి నేనే చెప్తున్నాను, ధైర్యం చెప్పకు.

పోయిన వారం నేను ఆమె దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తోంది. నన్ను చూసి లేచింది, అలవాటుగా నా నడుంవైపు చూసింది, మళ్ళీ కూర్చుంది. తప్పు నాదే అని చెప్పాను. అందరూ వింటుండగానే చెప్పాను.

"తెలుసు. ఆపరేషన్ మర్నాడే చూశాను. పైన రుద్దిన చోట ఎర్రగా కంది ఉంది" అంది.

"మరి అక్కడెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు చెప్తారనుకున్నాను."

నాకు తల తీసేసినట్టయింది. సిగ్గు విడిచి ఇంకో మాట కూడా అడిగాను. రెండో ఆపరేషనుంది, ఒక్కసారి వచ్చి గుర్తు పెట్టమని. ఆమె అద్దం తుడుస్తూ నింపాదిగా చెప్పింది. "నేను పడుకోబెట్టి పెట్టేదాన్ని కదా మాస్టారూ. మీకు చేతనవును, మీరే పెట్టుకోండి."

ఇవాళ మళ్ళీ ఇక్కడ చేరగానే మొదటి సర్జన్‌కి మొత్తం చెప్పేశాను. నీ అర్జీ సంగతీ చెప్పాను, నన్ను తిట్టుకో. ఆయన తలుపు దగ్గరగా వేసి, "ఆ ఫైలు మూసేశాం. ఇప్పుడు తెరిస్తే ఆసుపత్రికే మాటొస్తుంది. మీ ఆపరేషన్ సంగతి మీరు చూసుకోండి" అన్నాడు. అంతే. నేను చెప్పిన నిజం ఎవరికీ అక్కర్లేదు.

సాయంత్రం డ్యూటీ డాక్టరు పెన్ను పట్టుకుని వచ్చాడు. పడుకోండి అన్నాడు. కూర్చోబెట్టి చూడాలండీ అన్నాను, లేచి కూర్చున్నాను కూడా. పొట్ట ఒళ్ళోకి జారింది. ఆయన అటునుంచీ ఇటునుంచీ చూశాడు. "ఇది నేనెప్పుడూ పెట్టలేదు. దీనికొక నర్సు ఉండేదట, ఇప్పుడు లేదు" అన్నాడు. తర్వాత పెన్ను నా చేతికిచ్చి, "మీకు తెలిసినట్టుంది, ఎక్కడో చూపించండి" అన్నాడు.

బొడ్డుకి పైన మూడు వేళ్ళు. ఆ మాట నాకు కంఠతా వచ్చు. కానీ అప్పటికీ ఇప్పటికీ పంతొమ్మిది కిలోలు తగ్గాను. మధ్యలో రెండుసార్లు కోశారు. బొడ్డు ఒక పక్కకి లాక్కుపోయింది, కొత్త మడతలొచ్చాయి. పాత కొలత ఈ ఒంటికి పనికిరాదు. నిలబడి చూశాను, కూర్చుని చూశాను, నీ మరదలి చేత అద్దం పట్టించుకుని చూశాను. ముప్పయ్యేళ్ళు టేపు పట్టినవాణ్ణి, నా పొట్ట మీద ఎక్కడ గుర్తు పెట్టాలో నాకు తెలియలేదక్కా. తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కతే. ఆమెని మనం పంపేశాం.

పెన్ను ఆయనకే తిరిగిచ్చేసి పడుకున్నాను. ఆయన గుర్తు పెట్టాడు.

తమ్ముడు